విత్తిన గింజల్ని ఎలుకలు తవ్వేస్తున్నాయి. మేడ మీద మందు పెట్టొచ్చా?

మధురవాడ మిద్దెతోట:
మృగశిర వానలు పడ్డాయని గ్రో బ్యాగుల్లో బీర, సొర, దోస గింజలు పెట్టాను. తెల్లారేసరికి ప్రతి బ్యాగులోనూ రూపాయి బిళ్లంత గుంట, పక్కనే రెండుగా చీల్చిన తొక్క. పప్పు మాత్రం లేదు. వంగ, టమాటా నారు జోలికి రాలేదు. ఎదురింటి అంకుల్ మందు బిళ్లలు పెట్టెయ్యమంటున్నారు. ఇంట్లో పిల్లి ఉంది. ఏం చెయ్యమంటారు?

ఆనందపురం రైతు:
మందు పెట్టాల్సిందేనమ్మా. మా పొలంలో బీర విత్తిన రాత్రే ఎలుకలు, పందికొక్కులు దిగిపోతాయి. ముందురోజు సాయంత్రం గట్ల మీద బొరియలన్నీ మట్టితో మూసేస్తాం. మర్నాటికి ఏవి తెరుచుకున్నాయో వాటిలోనే ఎలుకలున్నట్టు. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, బ్రోమాడయోలోన్ పొడి 2 పాళ్లు కలిపి, కాగితం పొట్లాలు కట్టి ఆ బొరియల్లోకి తోస్తాం. ఊరంతా ఒకేసారి చెయ్యాలి, లేకపోతే పక్క చేనువి వచ్చి చేరతాయి. హైబ్రిడ్ గింజల ధర కొన్నోళ్లకే తెలుసు. ఎలుకలు తవ్వకుండా ఎకరాలకి ఎకరాలు ఇనుప జాలీ పరవడం ఎవరి వల్లవుద్ది?

అరిలోవ టీచర్:
రైతుగారూ, మీ పద్ధతి పొలానికి సరిపోతుంది. మేడ మీద బొరియ ఏదండీ? తోసేందుకు చోటు లేకపోతే బిళ్ల బయటే పడి ఉంటుంది. దాన్ని పిల్లి ముట్టుకున్నా, పసిపిల్ల నోట్లో పెట్టుకున్నా ఎవరు జవాబుదారీ? పైగా బ్రోమాడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు. రక్తం గడ్డకట్టడం ఆగిపోయి, లోలోపల రక్తం కారి, కొన్ని రోజులకి చస్తుంది. ఈలోగా నీరసంగా తిరుగుతూ పిల్లికో గుడ్లగూబకో దొరుకుతుంది. ఆ విషం వాటి ఒంట్లోకీ వెళ్తుంది. కంబాలకొండ అడవి మన కాలనీలని ఆనుకునే ఉంది. అక్కణ్ణుంచి వచ్చే గుడ్లగూబలు, జెర్రిపోతులు మనకి ఎలుకల్ని తగ్గించి పెడుతున్నాయి, వాటినే చంపుకుంటామా? బ్రోమాడయోలోన్‌కి విటమిన్ కె1 విరుగుడైనా ఉంది. నల్లగా ఉండే జింక్ ఫాస్ఫైడ్ పొడికి అదీ లేదు. కడుపులో ఆమ్లం తగిలితే ఫాస్ఫీన్ వాయువు పుడుతుంది.

అసలు కాపలా ఎన్నాళ్లు కాయాలో చూడండి. మొలక లేచి జంట ఆకులు విచ్చుకునేదాకా, అంటే వారం పది రోజులు. గింజలో పప్పు అయిపోయాక దానికోసం తవ్వడానికేమీ మిగలదు. అన్నాళ్ల కోసం ఇంటి మీద విషం పెట్టుకోవడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

పావు అంగుళం కళ్లున్న ఇనుప జాలీ తీసుకోండి. అంతకన్నా కాస్త పెద్ద సందున్నా చిట్టెలుక దూరగలదు, అందుకే కోళ్ల జాలీ పనికిరాదు. ప్లాస్టిక్ వలని కొరికేస్తుంది. జాలీని గిన్నె బోర్లించినట్టు వంచి, అంచులు రెండంగుళాలు మట్టిలోకి దించండి. లేదంటే ట్రేల్లో మొలిపించి, ఆ ట్రేలని రాత్రిళ్లు ఇంట్లో పెట్టుకోండి. ఇంకొకటి, మట్టిలో వేరుశనగ చెక్క గానీ ఎముకల పొడి గానీ కలిపారా? ఆ వాసనే వాటిని పిలుస్తుంది. మొక్క నిలదొక్కుకున్నాక వేసుకోవచ్చు.

గాజువాక:
జిగురు అట్టలు చవక కదా?

అరిలోవ టీచర్:
దయచేసి వద్దు. ఉడుతలు, పిచ్చుకలు, బల్లులు అంటుకుని ప్రాణంతో గిలగిల్లాడతాయి. జిగురు అట్టల వాడకం ఆపించమని జంతు సంక్షేమ బోర్డు 2011లోనూ, 2020లోనూ రాష్ట్రాలకి రాసింది. పట్టాలనుకుంటే బోను పెట్టి ఎండు నెత్తళ్లు కట్టండి.

ఆనందపురం రైతు:
నెత్తళ్లకి చుంచు కూడా పడుద్ది. మూతి పొడుగ్గా ఉండి, కంపు కొడితే అది చుంచు. పురుగుల్ని తింటుంది, గింజల్ని కాదు. వదిలెయ్యండి. మేడకి జాలీ మంచిదే, ఒప్పుకుంటాను. కానీ పొలంలోనూ విషం వద్దంటే మాత్రం ఒప్పుకోను టీచర్ గారూ. చచ్చినవాటిని పొద్దున్నే ఏరి లోతుగా పాతెయ్యాలి, అది మేం తప్పకుండా చేస్తాం.

అరిలోవ టీచర్:
ఏరగలిగేది బయటపడి చచ్చినవాటినే కదండీ. బతికుండగానే గుడ్లగూబ ఎత్తుకుపోయిన ఎలుక సంగతేమిటి? పొలంలో మందుకి బదులు నా దగ్గర లేదు, నిజమే. కానీ ఏటా అదే మందు అలవాటైపోకూడదు. గట్లు సన్నగా, శుభ్రంగా ఉంచితే బొరియలే తగ్గుతాయి, అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.

మధురవాడ మిద్దెతోట:
వేరుశనగ చెక్క కలిపానండీ, ప్రతి బ్యాగులోనూ. రేపు పూర్ణా మార్కెట్‌లో జాలీ తెచ్చి మళ్లీ విత్తుతాను. ఆ మట్టి మార్చాలా, పైన వేరే మట్టి కప్పితే చాలా?

అరిలోవ టీచర్:
వాన నీళ్లకి చెక్క కుళ్లే వరకూ వాసన పోదు. ఈ విడతకి చెక్క కలపని మట్టిలో విత్తండి. చెక్క కలిపినదాన్ని కప్పెట్టి పక్కన మగ్గబెట్టండి.