పట్టుదారా, దండుబాటా?

ప్రశ్న: నమస్కారమండీ. పిల్లల కోసం ఒక చరిత్ర వ్యాసం తెలుగు చేస్తూ 'సిల్క్ రోడ్' దగ్గర ఆగిపోయాను. మొదట 'పట్టుదారి' అని రాశాను. అలాంటి దారులు చాలా ఉన్నాయి కాబట్టి తర్వాతి పేరాలో 'పట్టుదారులు' అయింది. ప్రూఫులు చూసినాయన అది నా తప్పనుకుని 'పట్టాదారులు' అని దిద్దేశారు. చైనా నుంచి పట్టాదారులు ఎడారులు దాటి పడమటికి వెళ్ళారట! ఏదైనా మంచి మాట చెప్పి పుణ్యం కట్టుకోండి.

జవాబు: నవ్వు ఆగలేదమ్మా. అసలు ఆ దారికి పట్టు పేరు వ్యాప్తిలోకి తెచ్చింది జర్మన్ భూగోళ శాస్త్రవేత్త రిష్ట్‌హోఫెన్, అదీ 1877లో. అక్కడ ఒంటెలు తోలినవాళ్ళెవరూ అలా పిలవలేదు. నన్నడిగితే అది ముందు దండుబాట.

క్రీ.పూ. 138లో చైనాను ఏలిన హాన్ వంశపు చక్రవర్తి వూ, జాంగ్ చియాన్ అనే దూతను పడమటికి పంపింది సరుకు అమ్ముకు రమ్మని కాదు. ఉత్తరాన పక్కలో బల్లెంలా ఉన్న షియోంగ్నూ అనే సంచార జాతి మీద పోరుకి, పడమటనున్న యువెజీ అనే మరో జాతిని తోడు తెమ్మని. ఆయన దారిలోనే షియోంగ్నూలకు చిక్కి పదేళ్ళు బందీగా ఉన్నాడు. పొత్తూ కుదరలేదు, కానీ దారి తెలిసింది. క్రీ.పూ. 121లో హాన్ సేనాని హువో చూబింగ్ కొండలకూ ఎడారికీ నడుమ ఉన్న హెషీ అనే ఇరుకు నేలను గెలిచాడు. ఆ తర్వాత ఎడారి అంచున ఉన్న దున్‌హువాంగ్ ఊరి దాకా ఠాణాలు, గోడ, మంట వేసి కబురందించే బురుజులు వచ్చాయి.

మరి పట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? చాలావరకు సిపాయి జీతంగానే వచ్చింది. కంచు నాణేలు అంత దూరం మోయాలంటే బరువు, ధాన్యం పాడైపోతుంది, పట్టు తాను తేలిక. తర్వాతెప్పుడో చైనాను తాంగ్ వంశం ఏలిన కాలంలో నాణెం, ధాన్యం, పట్టు మూడూ డబ్బే. సిపాయి పట్టు తాను ఇచ్చి బజార్లో కావలసింది కొనుక్కునేవాడు, ఆ తాను వర్తకుడి ఒంటె ఎక్కి ఇంకా ముందుకు పోయేది. క్రీ.శ. 755లో ఆన్ లూషాన్ అనే సేనాని తిరుగుబాటు వచ్చి దండులు వెనక్కి మళ్ళాక ఆ దారిలోని ఊళ్ళకు జీతాల పట్టు ఆగిపోయింది, బజార్లూ చిక్కిపోయాయి. అందుకే నా ఓటు దండుబాటకి.

మరొకరు: బాగా చెప్పారు సార్, కానీ పిల్లలు దండుబాట అని చదివితే కత్తులే కనిపిస్తాయి, బేరాలు కనిపించవు. 'పట్టు రహదారి' అంటే రెండూ వస్తాయేమో చూడండి. రహదారి అంటే మనకిప్పుడు హైవే. ఫారసీలో రాహ్‌దారీ అంటే దారి కాపలా, ఆ పేరుతో గుంజే సుంకం కూడా. బ్రౌన్ నిఘంటువులోనేమో ప్రయాణానికిచ్చే అనుమతి చీటీ. మీరు చెప్పిన దారిలో ఇవన్నీ ఉన్నాయి కదా!

దున్‌హువాంగ్ దగ్గర షువాన్‌చువాన్ అనే సర్కారీ మజిలీని తవ్వితే 20,000కు పైగా రాత చెక్కపేళ్ళు దొరికాయి. వచ్చిపోయే దూతలకు పెట్టిన భోజనాలూ, గుర్రాల లెక్కలూ అన్నీ రాసిపెట్టారు. వాటిలో క్రీ.పూ. 39 నాటి ఫిర్యాదు ఒకటుంది. మధ్య ఆసియాలోని కాంగ్‌జూ రాజ్యం నుంచి వచ్చిన దూతలు తమ ఒంటెల్ని అప్పగిస్తే, అధికారులు బలిసినవాటిని బక్కవనీ, తెల్లవాటిని పసుపు రంగువనీ రాసి ధర కోశారట. పేరుకు కానుకలు, జరిగింది బేరం, చేసింది సరిహద్దు కచేరీ.

జవాబు: ఆ ఒంటెల ఫైలు ఎక్కడో చూసినట్టే ఉంది నాయనా! సరే, దండుబాట వెనక్కి తీసుకుంటున్నా. ఒక్క మాట, పట్టుకీ రహదారికీ మధ్య ఖాళీ వదలమనండి. కలిపి రాస్తే ప్రూఫులాయన మళ్ళీ ఏం చేస్తాడో.

ప్రశ్న అడిగినామె: ఇద్దరికీ ధన్యవాదాలండీ. 'పట్టు రహదారి' అనే పంపాను. ఆయన ఈసారి దిద్దకుండా ఫోన్ చేశారు, ముందు 'జాతీయ' చేర్చమంటారా అని.