తొమ్మిదేళ్ల మేనకోడలికి ఎలక్ట్రానిక్స్ కిట్: మూలన పడకుండా ఉండాలంటే ఏది తీసుకోవాలి?

ప్రశ్న: ఒక మేనమామ

అందరికీ నమస్కారం. మా అక్క కూతురికి వచ్చే నెలలో తొమ్మిదేళ్లు నిండుతాయి. ఎలక్ట్రానిక్స్ కిట్ ఒకటి కొనిద్దామని పది రోజులుగా చూస్తున్నాను, ఎంతకీ తేలడం లేదు.

ముందు పిల్ల సంగతి చెప్తాను. చేతికి దొరికిందల్లా విప్పుతుంది. మొన్న నేను వెళ్లేసరికి పాత టార్చిలైటు ముక్కలన్నీ చాప మీద వరసగా పరిచి కూర్చుంది. "మామయ్యా, ఈ స్ప్రింగు తీస్తే లైటు ఎందుకు వెలగట్లేదు?" అని అడిగింది. నాది లెక్కల పద్దుల ఉద్యోగం. "స్ప్రింగు ఉంటేనే సెల్ కదలకుండా ఉంటుందమ్మా" అన్నాను. తనకి ఆ జవాబు సరిపోలేదు. చాక్లెట్ మీది వెండి రేకు కాగితాన్ని ఉండచుట్టి స్ప్రింగు ఉండే చోట కుక్కి, మూత బిగించింది. లైటు వెలిగింది. అప్పుడు ఆ పిల్ల ముఖం చూశాకే ఈ కిట్ ఆలోచన వచ్చింది.

నా భయం ఏమిటంటే, రెండేళ్ల క్రితం వాళ్ల అన్నకి ఎఫ్ఎం రేడియో కిట్ ఇచ్చాను. అప్పుడు వాడికి పదకొండేళ్లు. సోల్డరింగ్ చేయాల్సిన, అంటే లోహపు తీగని కరిగించి భాగాల్ని బోర్డుకి అతికించాల్సిన కిట్ అది. లోపల రెండు పేజీల కాగితం, అందులో రాసిన విలువలకీ పెట్టెలో ఉన్న భాగాలకీ పొంతన లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఇద్దరం కూర్చుని అతికించాం. స్విచ్ వేస్తే చిన్న శబ్దం కూడా రాలేదు. తప్పు ఎక్కడుందో వెతకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో మాకు తెలియలేదు. అది ఇప్పటికీ అల్మరాలోనే ఉంది. వాడు మళ్లీ అటు చూడలేదు. నేను ఇచ్చిన బహుమతి వల్లే వాడికి ఆసక్తి పోయిందని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇప్పుడు నా ముందున్నవి: స్నాప్ సర్క్యూట్స్ లాంటి నొక్కి అతికించే ముక్కలు, బ్రెడ్‌బోర్డు (రంధ్రాల్లో భాగాల కాళ్లు గుచ్చి కలిపే పలక) కిట్, ప్రోగ్రాం రాసి నడిపే చిన్న బోర్డులైన మైక్రోబిట్, ఆర్డునో. ఒక పెట్టె మీద 101 ప్రాజెక్టులని ఉంది, ఇంకోదాని మీద 300 అని, మరోదాని మీద 500 అని. ఎన్ని ఎక్కువ ఉంటే అంత మంచిదా? ఇంట్లో మూడేళ్ల తమ్ముడు కూడా ఉన్నాడు, అదొక టెన్షన్. మీ ఇళ్లలో ఏం జరిగిందో చెప్పండి.

జవాబు: ఇద్దరు పిల్లల తల్లి

మూడేళ్ల బాబు ఉన్నాడన్నారు కాబట్టి ముందు ఆ సంగతి. కిట్‌లో బిళ్ల సెల్స్, అంటే నాణెంలా ఉండే లిథియం బ్యాటరీలు ఉంటే కొనకండి. పిల్లాడు మింగితే అది గొంతులో ఇరుక్కోవచ్చు. తడి కండకి తగలగానే కరెంటు పారి, ఆ చోట ఘాటైన క్షారం తయారవుతుంది. రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయేంత ప్రమాదం. అరిగిపోయిన సెల్ కూడా ఆ పని చేస్తుంది. మింగాడేమోనన్న అనుమానం వచ్చినా సరే, ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చిన్న చిన్న బలమైన అయస్కాంతాలు కూడా అంతే. రెండు మింగితే పేగుల గోడల్ని మధ్యలో పెట్టుకుని ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మా ఇంట్లో కిట్‌కి మూత గట్టిగా పడే డబ్బా ఒకటి పెట్టాం. ఆట అయిపోయాక ముక్కలు లెక్కపెట్టి మూత వేయడం మా పెద్దమ్మాయి పని.

ప్రాజెక్టుల అంకె చూసి మేం ఒకసారి మోసపోయాం. 500 అని ఉన్న పెట్టె తెచ్చాం. అందులో చాలాభాగం ఒకే సర్క్యూట్: స్విచ్ నొక్కితే పాట వస్తుంది, తర్వాతి దాంట్లో స్విచ్ బదులు అయస్కాంతం, ఆ తర్వాత వెలుతురు, ఆ తర్వాత నీళ్లు. పిల్ల నాలుగో రోజుకే కనిపెట్టేసింది. పెట్టెలో ఎన్ని రకాల భాగాలున్నాయో చూడండి.

జవాబు: రేడియో, టీవీ రిపేరు పని చేస్తాను, 26 ఏళ్లుగా

టార్చిలైటులో రేకు కాగితం కుక్కిన పిల్లకి ముందు తన ప్రశ్నకి జవాబు చెప్పండి. ఆ స్ప్రింగు సెల్‌ని నొక్కిపట్టడంతో పాటు ఇంకో పని చేస్తుంది. కరెంటు బల్బుకి వెళ్లి తిరిగి సెల్‌కి రావడానికి దారి అదే. దారి తెగింది, లైటు ఆరింది. తను రేకుతో దారి కలిపింది, వెలిగింది. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లకి మొదటి వారం చెప్పే పాఠం ఇదే. మీ మేనకోడలు తనంతట తానే చేసింది.

మీరు అడిగినవాటిలో ఇప్పుడు తనకి సరిపోయేది నొక్కి అతికించే ముక్కల కిట్. 101 ప్రాజెక్టులున్న చిన్నది చాలు. రెండు ఏఏ సైజు సెల్స్‌తో, అంటే 3 వోల్టులతో నడుస్తుంది, షాక్ భయం లేదు. నాకు అందులో బాగా నచ్చేది వేరే ఉంది. ప్రతి ముక్క మీదా దాని గుర్తు గీసి ఉంటుంది. కరెంటుని తగ్గించే రెసిస్టర్ అంటే గజిబిజి గీత, స్విచ్ అంటే తెరుచుకున్న గీత. పిల్ల కట్టిన సర్క్యూట్టే సర్క్యూట్ బొమ్మలా కనబడుతుంది. ఆ బొమ్మ చదవడం చేతికొస్తే రేపు ఏ సెట్ విప్పినా తనకి దారి తెలుస్తుంది.

లోపం కూడా ఉంది. పాట పాడే ముక్క, సైరన్ ముక్క లోపల ఏముందో పిల్లకి కనబడదు. పెట్టగానే మోగుతాయి, రెండు రోజుల్లో మోజు తీరిపోతుంది. అందుకని బల్బు, మోటారు, స్విచ్, రెసిస్టర్, ఈ నాలుగింటితోనే చాలా రోజులు ఆడనివ్వండి. పుస్తకంలో ఉన్నట్టు ఒకసారి కట్టాక, ఒక ముక్క చూపించి "ఇది తీసేస్తే ఏమవుతుంది?" అని అడగండి. ముందు తను చెప్పాలి, తర్వాత తీసి చూడాలి. మోటారునీ బల్బునీ ఒకే దారిలో వరసగా పెట్టిస్తే మోటారు తిరుగుతుంది, బల్బు మసగ్గా ఉంటుంది. ఫ్యాను రెక్క తీసేసి, మోటారు ఇరుసుని వేళ్లతో ఒక్క క్షణం పట్టుకుని ఆపమనండి. బల్బు వెలుగు పెరుగుతుంది! తిరిగే మోటారు కరెంటుకి ఎదురు నిలుస్తుంది, ఆగితే ఆ ఎదురు తగ్గి కరెంటు ఎక్కువగా పారుతుంది. ఈ ఒక్కటి చూశాక పిల్లలు అడిగే ప్రశ్నలకి ఒక సాయంత్రం సరిపోదు.

బ్రెడ్‌బోర్డు ఆరు నెలల తర్వాత చూడండి. దాని రంధ్రాలు అయిదేసి చొప్పున అడుగున కలిసి ఉంటాయి, పైనుంచి చూస్తే అది తెలియదు. కొన్ని బోర్డుల్లో పక్కనుండే పొడవాటి పవర్ వరస సరిగ్గా మధ్యలో తెగి ఉంటుంది, పెద్దవాళ్లే గంటలు గంటలు తికమకపడతారు. ఎల్ఈడీకి పొడుగు కాలు ప్లస్ అని, రెసిస్టర్ లేకుండా 9 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే ఒక్క మెరుపు మెరిసి చచ్చిపోతుందని ముందే చెప్పాలి. ఎర్ర ఎల్ఈడీ సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది, మిగిలిన 7 వోల్టులకి 470 ఓమ్స్ రెసిస్టర్ పెడితే 15 మిల్లీయాంపులు పారుతుంది, హాయిగా వెలుగుతుంది. 470 అంటే పసుపు, వంకాయ రంగు, గోధుమ రంగు పట్టీలు. ఈ లెక్క తను స్వయంగా వేసే వయసు వచ్చినప్పుడు బ్రెడ్‌బోర్డు ఇస్తే పండగే.

లిథియం రీఛార్జి సెల్స్ మాత్రం పిల్లల కిట్‌లో పెట్టకండి. వైర్లు పొరపాటున కలిస్తే అవి మంటలు పట్టుకునే దాకా వెళ్తాయి. మామూలు ఏఏ సెల్ కూడా అలా కలిస్తే వేడెక్కుతుంది. వేడి తగిలితే వెంటనే సెల్ తీసేయాలని పిల్లకి మొదటి రోజే చెప్పండి.

ఇప్పుడు అల్మరాలో ఉన్న ఆ రేడియో. దాని గురించి చదివాక నాకు మనసొప్పలేదు. మీరిద్దరూ ఏ తప్పూ చేయలేదు. తప్పు వెతికే పనిముట్టు మీ చేతిలో లేదు, అంతే. మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఒకటి కొని ఆ పెద్దబ్బాయి చేతికివ్వండి. అందులో బీప్ కొట్టే అమరిక ఉంటుంది. సెల్స్ తీసేసి, మీటర్ వైర్ల చివరనుండే రెండు ముళ్లూ ఒకే తీగకి అటూ ఇటూ ఆనిస్తే దారి ఉన్నచోట కూత వస్తుంది, తెగినచోట రాదు. బ్యాటరీతో నడిచే వస్తువుల మీదే వాడాలి, గోడ ప్లగ్గు జోలికి వెళ్లకూడదని గట్టిగా చెప్పండి.

రేడియో బోర్డుని తిరగేసి భూతద్దంతో ప్రతి అతుకునీ చూడమనండి. మంచి అతుకు చిన్న శిఖరంలా, మెరుస్తూ, కాలి చుట్టూ పాకి ఉంటుంది. ఉండలా, మసగ్గా కూర్చుని ఉంటే మేము డ్రై సోల్డర్ అంటాం. నా బల్ల మీదికొచ్చే మూగ సెట్లలో చాలావాటికి ఇదే జబ్బు. సోల్డర్ తీగని సోల్డరింగ్ ఇనుము కొనకి పెట్టి కరిగిస్తే ఇలాగే అవుతుంది. ముందు భాగం కాలునీ బోర్డు మీది రాగినీ రెండిటినీ కలిపి వేడి చేయాలి, తర్వాత వాటికి సోల్డర్ అందించాలి. పక్కన పెద్దవాళ్లు ఉండాలి, కిటికీ తెరిచి ఉండాలి, అయ్యాక చేతులు సబ్బుతో కడగాలి.

జవాబు: బడిలో కంప్యూటర్ చెప్పే టీచర్ని

పై అన్నగారితో చాలావరకు ఏకీభవిస్తాను. మైక్రోబిట్ గురించి మాత్రం ఒక మాట. 2016లో బ్రిటన్‌లో బీబీసీ వాళ్లు పదకొండు, పన్నెండేళ్ల పిల్లలకి దాదాపు పది లక్షల బోర్డులు పంచింది ఇదే. 25 చిన్న దీపాలు, రెండు బటన్లు, అటూ ఇటూ వంచితే కనిపెట్టే సెన్సర్ అన్నీ దాని మీదే ఉంటాయి. 2020లో వచ్చిన రకానికి స్పీకరు, మైకు కూడా చేర్చారు. బొమ్మల దిమ్మెల్ని జరిపి ప్రోగ్రాం రాయొచ్చు, కాబట్టి తొమ్మిదేళ్ల పిల్లలూ చేస్తారు. నా తరగతిలో వైర్లంటే ఆసక్తి లేని పిల్లలు దీని మీద సొంత ఆట చేసి ఇంటికెళ్లనని కూర్చున్నారు. అయితే దీనికి స్క్రీన్ ముందు కూర్చోవాలి. విప్పి చూడటం ఇష్టమున్న మీ మేనకోడలికి ఇది రెండో బహుమతి. ఆర్డునోకి ఇంకా రెండు మూడేళ్లు ఆగండి, కోడ్ టైపు చేయాలి, ఒక్క సెమికోలన్ పోయినా నడవదు.

ఇంకో సంగతి, ఇది నా తరగతిలో చూసి చెప్తున్నది. ఒక కిట్ దగ్గర అబ్బాయినీ అమ్మాయినీ కూర్చోబెడితే చాలాసార్లు స్క్రూడ్రైవర్ అబ్బాయి చేతిలో, పుస్తకం అమ్మాయి చేతిలో తేలతాయి. నేను పావుగంటకోసారి చేతులు మార్పిస్తాను. దయచేసి ఆ పెట్టె మీద తన పేరు రాసి ఇవ్వండి. అన్న సాయం చేయొచ్చు, ముక్కలు మాత్రం తనే అతికించాలి.

మళ్లీ మేనమామ, అయిదు వారాల తర్వాత

అందరికీ చాలా కృతజ్ఞతలు. చిన్న స్నాప్ కిట్ తనకి, మల్టీమీటర్ వాళ్ల అన్నకి ఇచ్చాను. బిళ్ల సెల్స్ లేవని చూసుకునే కొన్నాను, డబ్బాకి మూత కూడా వచ్చింది.

మొదటి రోజే బల్బు వెలగలేదు. నాకు గుండె జారిపోయింది, మళ్లీ అదే కథ అనుకున్నాను. పిల్ల మాత్రం ఒక్కో ముక్కనీ వేలితో తడుముతూ వెళ్లింది, ఏదీ వదులుగా లేదు. అప్పటిదాకా గది బయట నిలబడి చూస్తున్న పెద్దవాడు మీటర్ తీసుకుని లోపలికొచ్చాడు. ముళ్లు తను పట్టుకుంది, వాడు అంకెలు చదివాడు. రెండు సెల్స్‌నీ విడివిడిగా కొలిస్తే ఒక్కోటి 1.5 చూపించింది, సెల్స్ పెట్టే డబ్బాకి అటూ ఇటూ కొలిస్తే సున్నా! ఒక సెల్ తలకిందులుగా పెట్టాం. అది పెట్టింది నేనే.

మోటారు ఇరుసు ఆపి చూసే ఆట ఎన్నిసార్లు ఆడారో లెక్కలేదు.

పోయిన ఆదివారం వాడే వెళ్లి అల్మరాలోంచి రేడియో తీశాడు. స్పీకరు తీగ దగ్గర డ్రై సోల్డర్ దొరికింది, మళ్లీ అతికించాం. రెండేళ్ల తర్వాత మొదటిసారి బుస్స్‌మని శబ్దం వచ్చింది, ఇద్దరూ గెంతారు. కానీ ఒక్క స్టేషన్ కూడా పట్టడం లేదు. రిపేరు అన్నగారూ, ఇప్పుడు ఏం చూడమంటారు?

జవాబు: రేడియో, టీవీ రిపేరు

బుస్ వచ్చిందంటే స్పీకరూ, దాన్ని నడిపే భాగమూ బతికే ఉన్నాయి. ముందు ఏరియల్ తీగ బోర్డుకి అందిందో లేదో బీప్ పెట్టి చూడమనండి. అది బాగుంటే బోర్డు మీద రాగి తీగతో చుట్టిన చిన్న కాయిల్ ఉంటుంది, ఉత్త గాలి చుట్ట. దాని చుట్లని పొడి చెక్కపుల్లతో వెంట్రుకవాసి దూరం జరిపి, డయల్ ఆ చివర నుంచి ఈ చివరికి తిప్పమనండి. దొరక్కపోతే ఇంకాస్త. ఇనప స్క్రూడ్రైవర్ వాడొద్దు, అది దగ్గరికొస్తేనే ట్యూనింగ్ మారిపోతుంది. పుల్ల అన్నయ్య పట్టుకుంటే డయల్ చెల్లి తిప్పాలి. జరిపే ముందు కాయిల్‌కి ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చుట్లు ఎన్నున్నాయో చూసి చెప్తాను.