నోల్డే వేసిన ఎర్రటి గసగసాల పూలు ఎక్స్‌ప్రెషనిజం ఎలా అవుతాయి?

ప్రశ్న:
జర్మన్ చిత్రకారుడు ఎమిల్ నోల్డే (1867–1956) 1942లో తైలవర్ణాలతో వేసిన ఎర్రటి గసగసాల పూల చిత్రాన్ని కొన్నాళ్లుగా పదేపదే చూస్తున్నాను. మనసులోని ఆవేశాన్ని రంగుల్లో చూపే కళోద్యమమైన ఎక్స్‌ప్రెషనిజం అనగానే నాకు వికృతమైన ముఖాలు, నగరజీవితపు భయాలు గుర్తుకొస్తాయి. పెరటి పూలను ముదురు ఎరుపులో వేసినంత మాత్రాన అవి ఆ కోవలో ఎలా చేరతాయి? ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే తోటలకూ వీటికీ భేదమేమిటో తెలిసినవారు వివరించ ప్రార్థన.

సమాధానం 1:
మోనేకు పువ్వు కన్నా దాని మీద పడిన వెలుగు ముఖ్యం. పొద్దు వాలితే ఆయన చిత్రం మరొకటవుతుంది. నోల్డే పూలను చూసి అది ఏ వేళో చెప్పలేము, ఎందుకంటే అక్కడి ఎరుపు కంటికి కనబడినది కాదు, ఆయన మనసులో రగిలినది. ఆల్సెన్ ద్వీపంలో వేసిన తొలి తోట చిత్రాలలో రంగు ముద్దలు ముద్దలుగా ఉంటుంది. 1906లో డ్రెస్డెన్‌లోని ‘బ్రూకె’ అనే ఎక్స్‌ప్రెషనిస్టు చిత్రకారుల బృందపు యువకులు తమకన్నా ఎంతో పెద్దవాడైన ఆయనను తమలోకి పిలిచింది ఆ రంగుల ఉద్ధృతిని చూసే. ఏడాదిన్నరలోనే ఆయన బయటికి వచ్చేశారనుకోండి.

సమాధానం 2:
నీటిరంగులతో వేసేవాడిగా ఒక మాట. ఆయన పూల అసలు బలం నీటిరంగు చిత్రాలలోనే ఉందని నా అభిప్రాయం. పీల్చుకునే జపాన్ కాగితాన్ని బాగా తడిపి, రంగును దాని ఇష్టానికి పాకనిచ్చేవారు. అందువల్ల రేకు అంచును గీత కాక తడి నిర్ణయిస్తుంది. మామూలు డ్రాయింగ్ షీటు మీద నేను ప్రయత్నిస్తే రంగు పైనే తేలి, ఎండాక వెలవెలబోయింది.

సమాధానం 3:
ఈ చిత్రం తేదీని గమనించండి. 1937లో నాజీలు వెయ్యికి పైగా నోల్డే కృతులను మ్యూజియంల నుంచి తొలగించారు, 1941లో వృత్తిపరంగా చిత్రకళ సాగించరాదని నిషేధించారు. అయినా ఆయన స్వయంగా నాజీ పార్టీ సభ్యుడు, యూదు ద్వేషి. నిషేధకాలంలో చాటుగా చిన్న నీటిరంగు చిత్రాలే వేసుకున్నారని యుద్ధానంతరం ప్రచారమైన కథకు 1942 నాటి ఈ తైలచిత్రమే అడ్డు నిలుస్తుంది. 2019లో అప్పటి జర్మనీ చాన్సలర్ మెర్కెల్ తన కార్యాలయం నుంచి తీయించిన రెండు నోల్డే చిత్రాలలో ఒకటి పూలతోటే.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మూడవ సమాధానం చదివాక చిత్రాన్ని మళ్లీ తెరిచాను. ఎరుపు ఏమాత్రం తగ్గలేదు గాని, మునుపటిలా నిశ్చింతగా చూడలేకపోయాను.