తిరుపతిలో ఒక్క రోజు: కవుల చోట్లు, మ్యూజియం, నాటకం అన్నీ అయితాయా?

పుత్తూరు కోడలు:
ఆదివారం ఇంటిల్లిపాదీ తిరుపతి వస్తా ఉండాం. దర్శనానికి కాదు. అన్నమయ్య, వెంగమాంబ గుర్తులుండే చోట్లు, ఒక మ్యూజియం, సాయంత్రం మహతి ఆడిటోరియంలో నాటకమేదన్నా ఉంటే అదీ. పిలకాయలు ఇద్దరు, మా అత్తకి మోకాళ్ళ నొప్పి. మధ్యాన్నం భోజనం ఏడ పెట్టుకుంటే బాగుంటుంది?

కొండకింద అక్క:
కొండమీద వెంగమాంబ బృందావనం, అదే ఆమె సమాధి, చూడకుండా దిగొద్దు. ఆమె పేరుండే అన్నప్రసాదం తిని చెయ్యి కడుక్కుని పోతారే గానీ ఆమె ఎవురో ఒక్కరూ అడగరు, నాకు ఒళ్ళు మండుతుంది. రాత్రి స్వామిని పడుకోబెట్టే ఏకాంతసేవలో తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి అంటారే, ఆ తరిగొండ ఈమెదే. మన చిత్తూరు జిల్లా ఆడబిడ్డ.

పీలేరు పిల్లోడు:
తరిగొండ 2022లోనే అన్నమయ్య జిల్లాలోకి పోయింది గదక్కా.

కొండకింద అక్క:
ఆమె పోయింది 1817లో. అప్పుడు నీ అన్నమయ్య జిల్లా ఏడుండిందో చెప్పు.

పీలేరు పిల్లోడు:
చిత్తూరు జిల్లా మాత్రం ఏడుండింది? అది పుట్టిందే 1911లో 😂

రేణిగుంట రైలు:
జిల్లాల గోల ఆపండబ్బా. మ్యూజియమంటే చంద్రగిరి రాజమహలే. మూడంతస్తులు, కట్టె ముక్క వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపినారు. శుక్రవారం సెలవు, మీకు ఆ బాధ లేదు.

భారతం మిట్ట:
నాటకానికి ఏసీ హాలెందుకు? మన పల్లెల్లో ద్రౌపదమ్మ గుడికాడ భారతం ఉత్సవం పెట్టినప్పుడు పోండి, పగలు హరికథ, రాత్రి తెల్లార్లూ నాటకం. అర్జునుడి వేషగాడు తపస్సు మాను అనే పొడుగాటి స్తంభం ఎక్కతా ఒక్కో మెట్టుకీ ఒక పద్యం ఎత్తుకుంటాడు, పైకి పోయి నిమ్మకాయలు ఇసిరితే కింద బిడ్డల్లేని ఆడోళ్ళు కొంగులు పట్టుకోనుంటారు. మా తాత దుర్యోధనుడి వేషం కట్టేవాడు.

రంగస్థలం మాస్టారు:
నేను ఈ సబ్జెక్టు మీద థీసిస్ రాసినవాణ్ణి. అది క్రతువు, నాటకం అనరాదు. నాటకమంటే పక్కన కడప జిల్లాలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజానిది. ఆ తెరలు, ఆ ట్రిక్కు సీన్లు చూసి మాట్లాడాల.

భారతం మిట్ట:
హార్మోనీ ఉండి, కిరీటం ఉండి, పద్యానికి వన్స్‌మోర్లు పడతా ఉంటే నాటకం కాదా సార్? భారతంలో మట్టితో చేసిన దుర్యోధనుడి బొమ్మని పడగొట్టినాక ఆ మట్టికి జనం ఎగబడతారు, ఇంటికి ఎత్తకపోయి గాదెలో వేసుకుంటారు. మీ థీసిస్ ఎవురన్నా ఎత్తకపోయినారా?

రంగస్థలం మాస్టారు:
వ్యక్తిగతంగా పోవద్దు. అడ్మిన్ గారూ చూడండి.

పుత్తూరు కోడలు:
నేను భోజనం సంగతి అడిగినాను...

కొండకింద అక్క:
అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకులు గుళ్ళోనే ఒక చిన్న అరలో వందల ఏండ్లు పడుండినాయి, వేటూరి ప్రభాకరశాస్త్రి గారిలాంటి పండితులు కూర్చుని చదివి అచ్చేయకుంటే ఈరోజు ఎవురు పాడేది? పిలకాయలకి ముందు అది చెప్పండమ్మా, చోట్లు తర్వాత.

మదనపల్లి టమాటా:
మిట్ట అన్నా, ఆ కిరీటాలు, భుజకీర్తులు బాడుగకి ఏడిస్తారు? మా పాప స్కూల్ డేకి కావాల.

భారతం మిట్ట:
ఇన్‌బాక్సుకి రా. తల కొలత రాసి పెట్టు, లేకుంటే కిరీటం ముక్కు మీదికి దిగుతుంది.