సీమేక్‌ల మొత్తం ప్రాజెక్టు కాకుండ కావాల్సిన ముక్కనే ఇన్‌స్టాల్ చేసుడెట్ల?

మిర్యాలగూడ_తమ్ముడు:
అన్నలూ జర చెప్పుండ్రి. రైస్ మిల్లుల కాంటా మీద లారీ తూకం చదివి పట్టీ కొట్టే ప్రోగ్రాం ఉంది, సీ ప్లస్ ప్లస్‌ల రాసింది, సీమేక్ అనే టూల్‌తోని బిల్డ్ (కోడ్‌ను ప్రోగ్రాంగ తయారు చేసుడు). తూకం చదివే సర్వీసు, దాని షేర్డ్ లైబ్రరీ, ఆఫీసుల వాడే క్యూటీ (విండోలు చూపించే లైబ్రరీ) స్క్రీను, హెడర్లు (కోడ్ రాసేటోళ్లకు కావాల్సిన ఫైళ్లు) అన్నీ ఒక్కటే ప్రాజెక్టు. కాంటా కాడి చిన్న బోర్డుల సర్వీసు ఒక్కటుంటే చాలు, కానీ మేక్ ఇన్‌స్టాల్ కొడితే క్యూటీ స్క్రీనుతో సహా మొత్తం కంపైల్ చేసుకుంట కూసుంటది, పైకెల్లి హెడర్లు గూడ తెచ్చి పడేస్తది. ఆ ఒక్క ఫైలు చేత్తో కాపీ కొడితే అయిపోదా?

పాలమూరు_కోడర్:
కాపీ కొట్టకు తమ్మీ. బిల్డ్ ఫోల్డర్ల ఉన్న ఎగ్జిక్యూటబుల్‌ల, అంటే నడిచే ప్రోగ్రాం ఫైలుల, లైబ్రరీ దారి (ఆర్‌పాత్) ఆ బిల్డ్ ఫోల్డర్‌నే చూపిస్తది, ఇన్‌స్టాల్ చేసేటప్పుడే సీమేక్ ఆ ఆర్‌పాత్ తీసేస్తది లేదంటే మారుస్తది. సీమేక్‌లిస్ట్స్ ఫైలుల ఉన్న ఇన్‌స్టాల్ లైన్లల్ల కాంపొనెంట్ (ఏది ఏ గుంపులదో చెప్పే పేరు) అని రాసి సర్వీసుకు, లైబ్రరీకి రన్‌టైమ్ అని, హెడర్లకు డెవ్ అని పేరు పెట్టు. సర్వీసు టార్గెట్ ఒక్కటే బిల్డ్ చెయ్, లైబ్రరీ దానెంబడే వస్తది, ఇగ ఇది కొట్టు:
సీమేక్ --ఇన్‌స్టాల్ బిల్డ్ --కాంపొనెంట్ రన్‌టైమ్
మేక్ ఇన్‌స్టాల్ లెక్క ఇది మళ్ల అన్నీ బిల్డ్ చెయ్యదు, ఉన్నది తీస్కపోయి పెడ్తది అంతే. పేర్ల ఒక్క అక్షరం తేడా వచ్చినా ఎర్రర్ మాత్రం రాదు, ఏం పెట్టకుండనే సప్పుడు చేయక అయిపోతది, మస్తుమంది ఆడనే పరేషాన్ అయితరు.

మిర్యాలగూడ_తమ్ముడు:
ఉబుంటు 18.04 అన్నా, --ఇన్‌స్టాల్ అనే ఆప్షనే తెల్వదంటుంది.

దేవరకొండ_లినక్స్:
దాంట్ల వచ్చేది సీమేక్ 3.10, ఆ ఆప్షన్ 3.15 కెల్లి ఉంది. బిల్డ్ ఫోల్డర్లకు పోయి ఇట్ల కొట్టు:
సీమేక్ -డీ సీమేక్_ఇన్‌స్టాల్_కాంపొనెంట్=రన్‌టైమ్ -పీ సీమేక్_ఇన్‌స్టాల్.సీమేక్
-డీ ముందు, -పీ తర్వాత, తారుమారు చేస్తే నడ్వదు. ముందుగాల డెస్ట్‌డిర్ (ఫైళ్లు అసలు చోట్ల కాకుండ వేరే ఫోల్డర్ల పడేటట్టు చేసే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్)కు ఏదన్న ఖాళీ ఫోల్డర్ ఇచ్చి చూస్కో, సిస్టమ్ ఆగం గాదు.

మిర్యాలగూడ_తమ్ముడు:
సర్వీసు వచ్చింది గానీ లైబ్రరీ రాలే. లైన్ల రన్‌టైమ్ డెస్టినేషన్ బిన్ కాంపొనెంట్ రన్‌టైమ్, లైబ్రరీ డెస్టినేషన్ లిబ్ అని ఉంది.

పాలమూరు_కోడర్:
గదే సంగతి. కాంపొనెంట్ అనేది నువ్వు ఏ ముక్క ఎన్క రాస్తే దానికే తగుల్తది, ఆ మొదటి రన్‌టైమ్ అంటే ఎగ్జిక్యూటబుల్ అని, లైబ్రరీ అండ్లకు రాదు. పేరు పెట్టనివన్నీ అన్‌స్పెసిఫైడ్ అనే డబ్బాల పడ్తయ్. నాకడిగితే కాంపొనెంట్‌కు రన్‌టైమ్ అని పేరు పెట్టుడే బంద్ చేయాలె, నేను చెప్పిందే అయినా సరే, కాంటా_సర్వీసు అని పెట్టు, తికమక ఉండదు. లిబ్ అన్నదాని ఎన్క గూడ అదే రాయి. సర్వీసుకు లైబ్రరీ కావాలె గదా అని ఇన్‌స్టాల్ అప్పుడు సీమేక్ తనంతట తాను చూడదు.

దేవరకొండ_లినక్స్:
అయినంక బిల్డ్ ఫోల్డర్ల ఇన్‌స్టాల్_మానిఫెస్ట్ అని, చివర్ల కాంపొనెంట్ పేరుతోని ఒక టెక్స్ట్ ఫైలు పడ్తది. ఏమేం పెట్టిందో అండ్ల వరుసగ ఉంటది, లైబ్రరీ కనవడ్తదో లేదో చూసి చెప్పు.