కీళ్లవాతం ఉన్నవాళ్లకి చీలమండ బెణికితే

సాగరతీరం: రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతానికి, వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మందు వాడేవాళ్లకి కాలు మడతపడి చీలమండ వాచిందనుకోండి. అందరికీ చెప్పే ఐసు, కట్టు, నొప్పిమాత్ర వీళ్లకీ అలాగే పనికొస్తాయా?

వేపచెట్టు: ముందు ఎముక సంగతి తేల్చుకోవాలండి. చీలమండకి రెండు పక్కలా పొడుచుకొచ్చిన ఎముకల వెనక అంచు, కింది కొస వేలితో నొక్కి చూడండి. చిటికెన వేలి వైపు పాదం అంచు మధ్యలో ఒక గట్టి ఎముక తగులుతుంది, అక్కడా నొక్కండి. ఎముక మీదే నొప్పి పుట్టినా, నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాల్సిందే. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర ఏళ్లతరబడి వాడినవాళ్ల ఎముకలు పలచబడి ఉంటాయి కాబట్టి వాళ్లు ఏమాత్రం అనుమానమున్నా ఆగకూడదు. ఆ మాత్రని మాత్రం ఉన్నపళంగా మానేయొద్దు.

"మనకి రోజూ ఉండే నొప్పే కదా" అని వదిలేయడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది. కీళ్లవాతం నొప్పి సాధారణంగా రెండు వైపులా ఉంటుంది, పొద్దున్నే బిగుసుకుని కదిలేకొద్దీ సడలుతుంది. బెణుకు ఒక్కచోటే ఉండి, అడుగు వేసేకొద్దీ ఎక్కువవుతుంది. దెబ్బ తగలకుండానే ఒక్క కీలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం కూడా వస్తే కీలులో ఇన్ఫెక్షన్ కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

మల్లెతీగ: మాత్రల లెక్క నేను చెప్తాను. పెద్దవాళ్లకి పారాసెటమాల్ 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకి, బక్కపలచని వాళ్లకి డాక్టర్లు ఇంకా తగ్గించి చెప్పొచ్చు. పారాసెటమాల్ మాత్రే అయిన డోలో 650 రోజుకి నాలుగైతే 2,600 మిల్లీగ్రాములు. జీరోడాల్-పి, అల్ట్రాసెట్ అనే నొప్పిమాత్రల్లో ఒక్కోదానిలో మరో 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఉంటుంది. పేర్లు వేరు కాబట్టి మందులు కూడా వేరనుకుని మూడూ కలిపేస్తుంటారు. స్ట్రిప్పు వెనక చూసి కూడుకోండి.

జీరోడాల్‌లో ఉండే ఎసిక్లోఫెనాక్ ఇంకో చిక్కు. ఇప్పటికే ఎటోరికాక్సిబ్ అనే నొప్పిమాత్ర వాడుతుంటే ఒకే రకం మందు రెండింతలవుతుంది, కడుపులో పుండ్లు, కిడ్నీకి భారం. మెథోట్రెక్సేట్ ఒంట్లోంచి బయటికి పోవడం కూడా మందగించవచ్చు. అల్ట్రాసెట్‌లో ట్రమడాల్ ఉంటుంది, నరాల నొప్పికీ డిప్రెషన్‌కీ ఇచ్చే డులోక్సెటిన్‌తోనో అమిట్రిప్టిలిన్‌తోనో అది పడదు. అందుకే మెడికల్ షాపులో "నొప్పికి ఏదైనా ఇవ్వండి" అని అడక్కుండా, వాడే మందుల చీటీ చూపించండి. నొప్పి పెరిగిందని మెథోట్రెక్సేట్ వారంలో రెండోసారి వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది!

సాగరతీరం: మరి కట్టు ఎలా? వేళ్లు వంకర్లు పోయినవాళ్లు క్రేప్ బ్యాండేజీ లాగలేరు కదండీ.

గోదారిగట్టు: లాగి బిగించాల్సిన పనే లేదు. 10 సెంటీమీటర్ల వెడల్పుది తీసుకోండి. పాదాన్ని కాలికి అడ్డంగా, నిలబడినప్పటిలా ఉంచి, వేళ్ల మొదట్లో మొదలుపెట్టి చీలమండ చుట్టూ 8 అంకెలా పైకి చుట్టండి. ప్రతి చుట్టూ కింది చుట్టుని సగం కప్పాలి. ముట్టుకుంటేనే నొప్పి పుట్టేవాళ్లు లోపల పల్చటి నూలు మేజోడు వేసుకోవచ్చు. క్లిప్పులు పెట్టడం కష్టమైతే ప్లాస్టర్ టేపు అంటించండి. బొటనవేలి గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి, రాకపోతే కట్టు బిగుసుకున్నట్టే. రాత్రి విప్పేయండి.

ఐసు తడిగుడ్డలో చుట్టి 10–15 నిమిషాలు చాలు. చలికి వేళ్లు తెల్లబడి నీలమయ్యేవాళ్లు, షుగరుతో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు ఐసు జోలికే వెళ్లొద్దు.

వేపచెట్టు: చేతికర్ర గురించి ఒక్క మాట. కుడికాలు బెణికితే కర్ర ఎడమచేతిలో ఉండాలి, పిడి మణికట్టు ముడత ఎత్తుకి రావాలి. మణికట్టుకే వాపుంటే మాత్రం ముంజేతి మీద బరువు మోపే క్రచ్ అడగండి, లేదంటే కాలికోసం చేతిని పాడుచేసుకున్నట్టవుతుంది.

మల్లెతీగ: పూర్తి విశ్రాంతి ఒకటి రెండు రోజులే. ఎక్కువ రోజులు మంచం మీదుంటే మోకాళ్లు, తుంటి బిగుసుకుంటాయి. కూర్చునే పాదాన్ని పైకీ కిందికీ పదేసి సార్లు, రోజుకి మూడు నాలుగు విడతలు ఆడించండి. మర్నాటికి నొప్పి బాగా ఎక్కువైతే సగానికి తగ్గించండి. నేలబారు మరుగుదొడ్డి ఉన్న ఇళ్లలో మధ్యలో రంధ్రమున్న ప్లాస్టిక్ కుర్చీ అద్దెకైనా తెచ్చుకోండి, గొంతుకూర్చుంటే చీలమండ పూర్తిగా మడతపడుతుంది.