అప్‌డేట్: అమ్మకు చదువు నేర్పడం గురించి అడిగాను కదా

సంతకం మాత్రమే వచ్చిన మా అమ్మను అక్షరాస్యురాలు అనొచ్చా, ఈ వయసులో చదువు నేర్పడం ఎలా అని అడిగాను. ఓపికగా జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

మొదటిదానికి జవాబు: అనలేం. 2011 జనగణన ప్రకారం ఏడేళ్లు, ఆపై వయసున్నవాళ్లు ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ చేయగలగాలి. చదవడం వచ్చి రాయడం రాకపోయినా లెక్కలోకి రారు.

మీలో ఒకరు చెప్పినట్టు అ, ఆ లతో కాకుండా పలక, వల, తల లాంటి మాటలతో మొదలుపెట్టాం. గుణింతాలు త్వరగానే పట్టుబడ్డాయి. ఒత్తుల దగ్గరే చాలా టెన్షన్ పడింది. రోజూ వండే బియ్యం, ఉప్పు, పప్పు అన్నీ ఒత్తులే మరి! చదవడం కంటే రాయడం ఇంకా నెమ్మది.

ఈమధ్య డ్వాక్రా మీటింగులో తీర్మానాల పుస్తకం ముందు పెడితే, "ఉండండి, చదివి పెడతా" అందట. అప్పు మొత్తం, వాయిదా ఎంతో కూడబలుక్కుని చదివాకే సంతకం చేసింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం అక్షరాస్యత తరగతుల నుంచే ఎందుకు పుట్టిందో ఇప్పుడు బాగా అర్థమవుతోంది.

ఇప్పుడు మందుల పేర్లు చదవాలంటోంది. అవన్నీ ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి ఏబీసీడీలు మొదలుపెట్టాలి. తెలుగు గట్టిపడకముందే అది మొదలుపెడితే గందరగోళం అవుతుందా? పెద్దవాళ్లకు నేర్పిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.